క్లచ్ పెడల్ నేలకు పోయి లేవట్లేదు, కొత్తగా వచ్చాను, సలహా చెప్పండి

మిర్యాలగూడ, ఇప్పుడు లెస్టర్:
అందరికీ నమస్తే. ఉద్యోగం మీద ఈమధ్యే యూకే వచ్చాను. డీలర్ దగ్గర పాత డీజిల్ కారు కొన్నాను, మాన్యువల్ గేర్లు. కొని రెండు నెలలు కూడా కాలేదు. నిన్న సిగ్నల్ దగ్గర క్లచ్ తొక్కితే పెడల్ నేలకు ఆనుకుని అక్కడే ఉండిపోయింది. కాలి వేళ్లతో పైకి లాగితే వచ్చింది కానీ గేర్ పడలేదు. రివర్స్ వేయబోతే గరగర శబ్దం. ఇంజన్ ఆపితే మాత్రం గేర్లన్నీ మెత్తగా పడుతున్నాయి. దగ్గరలోని గ్యారేజీ ఆయన బండి చూడకుండానే ఫోన్లో "క్లచ్ ప్లేట్ పోయింది, కిట్ మార్చాలి" అన్నాడు. ఊళ్లో నేను నడిపింది మారుతి 800. ఈ బండికి క్లచ్ వైరే కనబడట్లేదు. చాలా టెన్షన్‌గా ఉంది.

నల్లగొండ, ఇప్పుడు బర్మింగ్‌హామ్:
తమ్మీ, ఆ గ్యారేజీకి ఇప్పుడే సరే అనకు. ప్లేట్ అరిగితే లక్షణం వేరు. యాక్సిలరేటర్ తొక్కితే ఇంజన్ మోత పెరుగుతుంది, బండి వేగం పెరగదు, ఎత్తు ఎక్కేటప్పుడు మరీ తెలుస్తుంది. నీ బండిది దానికి పూర్తిగా వ్యతిరేకం, తొక్కినా క్లచ్ ఇంజన్‌నూ గేర్‌బాక్స్‌నూ విడదీయట్లేదు. ఇంజన్ ఆగితే గేర్ పడి, నడుస్తుంటే పడకపోవడం దానికే గుర్తు. పెడల్ కూడా కిందికి పడిపోయిందంటే ముందు చూడాల్సింది హైడ్రాలిక్స్.

ఇందులో వైరు ఉండదు. పెడల్ వెనక మాస్టర్ సిలిండర్, గేర్‌బాక్స్ దగ్గర స్లేవ్ సిలిండర్, రెండింటి మధ్య గొట్టంలో బ్రేక్ ఆయిల్. నువ్వు తొక్కిన బలం ఆ ఆయిల్ ద్వారా వెళ్లి క్లచ్‌ను విడదీసే రిలీజ్ బేరింగ్‌ను జరుపుతుంది. ఆయిల్ కారినా, లోపల గాలి చేరినా, మాస్టర్‌లో రబ్బరు సీలు పోయినా ఆ తోపు అందదు. బానెట్ ఎత్తి బ్రేక్ ఆయిల్ డబ్బా మట్టం చూడు, చాలా కార్లలో బ్రేకుకూ క్లచ్‌కూ ఒకటే డబ్బా. తర్వాత టార్చి పట్టుకుని డ్రైవర్ సీటు ముందు వంగు. పెడల్ రాడ్ గోడలోకి దూరే చోట వేలితో తడుము. తడిగా ఉంటే మాస్టర్ లీకు. పొడిగా ఉంటే ఇంజన్, గేర్‌బాక్స్ కలిసే చోటు కింద అట్టముక్క పరిచి రాత్రంతా వదిలెయ్. ఇంజన్ ఆయిల్ నల్లగా జిడ్డుగా ఉంటుంది. బ్రేక్ ఆయిల్ పల్చగా, లేత పసుపో గోధుమ రంగో ఉంటుంది. ఎక్కడా చుక్క లేకుండా పెడల్ మెల్లగా కుంగుతుంటే మాస్టర్ లోపలి సీలు మీద అనుమానం పెట్టుకో.

సూర్యాపేట, ఇప్పుడు మిల్టన్ కీన్స్:
అట్ట తప్పకుండా పరుచు తమ్ముడూ, అది బండి కోసమే కాదు, నీ ఇంటి అద్దె డిపాజిట్ కోసం కూడా. మా కారు ఇలాగే కారితే ఇంటి ముందు ఇటుకల మీద మరక పడింది. ఇల్లు ఖాళీ చేసినప్పుడు ఏజెన్సీ వాళ్లు వాకిలి ఇటుకలన్నీ మార్చాలని మా డిపాజిట్‌లో పెద్ద కోత పెట్టారు. ఫోన్ చేస్తే ఎత్తరు, మెయిల్ పెడితే అదే జవాబు మళ్లీ పంపిస్తారు. అదృష్టం ఏమిటంటే మేం ఇంట్లో చేరిన రోజే మా ఆవిడ వాకిలితో సహా అన్నీ ఫొటోలు తీసింది. మూలన పాత నల్ల మరకలు అప్పటికే స్పష్టంగా ఉన్నాయి. ఇంగ్లండ్‌లో డిపాజిట్‌ను 30 రోజుల్లోగా ప్రొటెక్షన్ స్కీంలో పెట్టాలి, గొడవ వస్తే ఆ స్కీమే ఉచితంగా తీర్పు చెబుతుంది. ఫొటోలు, ఇన్వెంటరీ రిపోర్టు (చేరేటప్పుడు ఇల్లు ఎలా ఉందో రాసిన జాబితా) పెట్టాం, చాలావరకు వెనక్కి వచ్చింది. అగ్రిమెంటులో పార్కింగ్‌లో బండి రిపేరు చేయకూడదని రాసి ఉందేమో కూడా చదువుకో.

మిర్యాలగూడ, ఇప్పుడు లెస్టర్:
అట్ట పెట్టి చూశాను. లోపల పొడిగానే ఉంది. ఇంజన్, గేర్‌బాక్స్ అతుకు కింద గోధుమ రంగు చుక్కలు పడ్డాయి. డబ్బాలో ఆయిల్ కనీస గీత దగ్గరికి దిగింది.

దేవరకొండ, ఇప్పుడు స్లౌ:
డబ్బా నింపి, పెడల్ పది ఇరవై సార్లు కొడితే లేస్తుంది, నేను అలాగే ఇంటికి తెచ్చుకున్నాను. డీలర్‌తో లాభం లేదు, 30 రోజులు దాటాయి కదా. ఎంఓటీ (ఇక్కడ ఏటా చేసే బండి తనిఖీ) పాసైందంటే బండి బాగున్నట్టే లెక్క.

వనపర్తి, ఇప్పుడు కావెంట్రీ:
అన్నా, మూడింటికీ నేను ఒప్పుకోను. ఎంఓటీలో క్లచ్, గేర్‌బాక్స్ చూడరు. 30 రోజులనేది బండి తిప్పి ఇచ్చి డబ్బంతా తీసుకునే గడువు. కన్స్యూమర్ రైట్స్ యాక్ట్ 2015 ప్రకారం కొన్న 6 నెలల్లోపు లోపం బయటపడితే అది మొదటి నుంచీ ఉన్నదిగానే తీసుకుంటారు, కాదని నిరూపించాల్సింది డీలర్. బాగుచేసే అవకాశం మాత్రం ఆయనకు ఒకసారి ఇవ్వాలి. ప్రైవేటు మనిషి దగ్గర కొంటే ఇది వర్తించదు.

ఇక కొట్టి కొట్టి నడపడం. కారుతున్న సీలు లోపలే ఉంటే ఆ ఆయిల్ ప్లేట్ మీద పడుతుంది, అప్పుడు ప్లేట్ నిజంగానే పాడవుతుంది. తమ్ముడి బండిలో స్లేవ్ గేర్‌బాక్స్ లోపల, షాఫ్ట్ చుట్టూ ఉండే రకంలా ఉంది. అది మార్చాలంటే గేర్‌బాక్స్ దించాల్సిందే. గేర్‌బాక్స్ ఎలాగూ దిగుతుంది కాబట్టి ప్లేట్, ప్రెషర్ ప్లేట్ కూడా అప్పుడే మార్చడం తెలివైన పని, మళ్లీ దించడానికి అంతే కూలి. డీజిల్ కాబట్టి ఫ్లైవీల్ (క్లచ్ ఆనే బరువు చక్రం) వదులై ఆడుతోందేమో కూడా చూడమను.

ఇక్కడే జాగ్రత్త. గ్యారేజీ కాగితం మీద "క్లచ్ ప్లేట్ అరిగింది" అని రాస్తే డీలర్ అరుగుదల కింద కొట్టిపారేస్తాడు. "స్లేవ్ సిలిండర్ లీకు" అని రాస్తే కథ వేరు. కాబట్టి ముందు స్వతంత్ర మెకానిక్‌తో పరీక్ష చేయించి రాయించుకో, ఆ కాగితంతో డీలర్‌కు మెయిల్ పెట్టు, జవాబు వచ్చేదాకా విప్పించకు.

దేవరకొండ, ఇప్పుడు స్లౌ:
చట్టం సంగతి ఒప్పుకుంటా చెల్లీ. కానీ రాత్రిపూట మోటర్‌వే మీద ఆగితే అప్పుడు కొట్టుకుంటూ పోక ఏం చేస్తాం?

నల్లగొండ, ఇప్పుడు బర్మింగ్‌హామ్:
హజార్డ్ లైట్లు వేసి, ఎడమ తలుపు నుంచి దిగి, అడ్డుకంచె వెనక నిలబడి బ్రేక్‌డౌన్ వాళ్లను పిలుస్తాం. చిట్యాల దగ్గర హైవే పక్కన టీ కొట్టుకు తోసుకుపోయినట్టు ఇక్కడ కుదరదు.

వనపర్తి, ఇప్పుడు కావెంట్రీ:
తమ్ముడూ, డబ్బా నింపాల్సి వస్తే మూత మీద రాసిన రకం బ్రేక్ ఆయిలే పొయ్, ఎక్కువ కార్లకు డాట్ 4. ఇంజన్ ఆయిల్ ఒక్క చుక్క పడినా సీళ్లన్నీ ఉబ్బుతాయి. బ్రేక్ ఆయిల్ పెయింట్ మీద పడితే వెంటనే నీళ్లతో కడుగు. మెకానిక్‌తో ఒక మాట చెప్పు: కొత్త స్లేవ్ బిగించాక గేర్‌బాక్స్ ఎక్కించేదాకా ఎవరూ పెడల్ తొక్కకూడదు, పిస్టన్ బయటికి వచ్చేస్తుంది. గొట్టంలో గాలి తీశాక పెడల్ పైనుంచే గట్టిగా తగలాలి, ఇంజన్ నడుస్తుండగా రివర్స్ శబ్దం లేకుండా పడాలి. ఆ రెండూ నువ్వే చూశాకే డబ్బు కట్టు.