గన్నవరం నుంచి షార్జా: అమ్మానాన్నలు మొదటిసారి విమానం ఎక్కుతున్నారు, ఏమేం చూసుకోవాలి?

గుడివాడ_ఆడపడుచు

అందరికీ నమస్కారం. మా అమ్మానాన్నలు సంక్రాంతి వెళ్లాక విజిట్ వీసా మీద గన్నవరం నుంచి నేరుగా షార్జా వస్తున్నారు. ఇద్దరికీ ఇదే మొదటి విమాన ప్రయాణం, వెంట ఎవరూ లేరు. నాన్నకి 68 ఏళ్లు. మోకాళ్ల నొప్పులు. నేల మీద నెమ్మదిగా నడుస్తారు గానీ మెట్లు ఎక్కలేరు. షుగరుకీ, నరాల నొప్పికీ మందులు వాడతారు. అమ్మ పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉంది, పేరు కూడా ఒక్క మాటే. ఇద్దరివీ ఈసీఆర్ పాస్‌పోర్టులు (కొన్ని దేశాలకి ఉద్యోగం మీద వెళ్లాలంటే ప్రభుత్వ ఎమిగ్రేషన్ క్లియరెన్స్ కావాల్సినవి). ఇమిగ్రేషన్‌లో ఆపేస్తారని ఊళ్లో భయపెడుతున్నారు. ఆవకాయ, అరిసెలు, మసాలా పొడులు తెస్తామంటున్నారు. ఎక్కడ ఏ ఇబ్బంది వస్తుందో తెలిసినవాళ్లు చెప్పండి.

ఏలూరు_రోడ్డు

ముందు నాన్నగారి సంగతి చూడండి, ఎక్కువమంది పొరపాటు చేసేది అక్కడే. 'వీల్‌చైర్ కావాలి' అని చెప్పినంత మాత్రాన సరిపోదు. అందులో మూడు కోడ్‌లు ఉంటాయి. చివర 'ఆర్' ఉంటే మెట్లు ఎక్కగలరు, దూరం నడవలేరు అని. 'ఎస్' ఉంటే మెట్లు ఎక్కలేరు అని. 'సీ' ఉంటే సీటు దాకా మోసుకెళ్లాల్సిన మనిషి అని. ఏమీ చెప్పకపోతే మామూలుగా 'ఆర్' అని కొట్టేస్తారు. హైదరాబాద్‌లో ఏరోబ్రిడ్జి (టెర్మినల్ నుంచి నేరుగా విమానంలోకి నడిచే వంతెన) దొరికితే ఆ తేడా బయటపడదు. గన్నవరంలో 2017లో దేశీయ సర్వీసులు వేరే టెర్మినల్‌కి మారాక, పాత భవనాన్నే అంతర్జాతీయ ప్రయాణికుల కోసం సిద్ధం చేశారు. దానికి ఏరోబ్రిడ్జి లేదు. విమానాలు నిలిపే చోటికి వెళ్లి నిచ్చెన మెట్లెక్కాలి. కాబట్టి ఎయిర్‌లైన్‌కి ఫోన్ చేసి 'ఎస్' కోడ్ పెట్టించండి. అప్పుడే కుర్చీతో సహా పైకెత్తే ఆంబులిఫ్ట్ ఏర్పాటు చూస్తారు. ప్రయాణానికి కనీసం 48 గంటల ముందు చెప్పాలని విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ నిబంధన. చెప్పాక టికెట్ మళ్లీ మెయిల్ చేయించుకుని, అందులో ఆ కోడ్ పడిందో లేదో చూడండి. ఫోన్‌లో 'అలాగే మేడమ్' అన్నారని వదిలేయొద్దు.

రెండోది, టైము. కౌంటర్లు మూడు గంటల ముందు తెరిచి, గంట ముందు మూసేస్తారు. ఒక్క విమానమే కదా ఖాళీగా ఉంటుందనుకుంటారు గానీ, ఆ ఒక్క విమానానికే 180 మంది దాకా ఒకేసారి వస్తారు. కౌంటర్లు తక్కువ, ఇమిగ్రేషన్ డెస్కులూ తక్కువే. కౌంటర్ తెరిచే వేళకి లైన్లో ఉంటే మేలు. గుడివాడ నుంచి హనుమాన్ జంక్షన్ మీదుగా 16వ నంబర్ జాతీయ రహదారి ఎక్కి కారులోనే తీసుకురమ్మనండి. ఆర్టీసీ బస్సులో వస్తే హైవే మీద దిగి, సామానుతో లోపలికి నడవాలి. ఆయన వల్ల కాదు. గేటు దగ్గరే 'ఇంటర్నేషనల్' అని డ్రైవరుతో చెప్పించండి, దేశీయ టెర్మినల్ దగ్గర దింపితే మళ్లీ తిప్పుకోవాలి.

డిజియాత్ర (ముఖం చూపించి గేట్లు దాటే యాప్) గురించి ఎవరైనా చెప్తే పట్టించుకోకండి, అది దేశీయ ప్రయాణాలకే.

పాసుపుస్తకం

ఈసీఆర్ గురించి భయం అక్కర్లేదు. ఎమిగ్రేషన్ క్లియరెన్స్ అనేది ప్రభుత్వం జాబితాలో పెట్టిన 18 దేశాలకి *ఉద్యోగం* మీద వెళ్లే ఈసీఆర్ వాళ్లకి. యూఏఈ ఆ జాబితాలో ఉంది, కానీ విజిట్ వీసాకి అది వర్తించదు. ఇమిగ్రేషన్ అధికారి అడిగేది తిరుగు టికెట్, వీసా కాపీ, ఎవరి దగ్గరకి వెళ్తున్నారు అని. ఈ మూడూ కాగితం మీద ఇచ్చి పంపండి. మీ ఎమిరేట్స్ ఐడీ (యూఏఈ గుర్తింపు కార్డు) కాపీ, షార్జా చిరునామా, ఫోన్ నంబర్ ఒకే పేజీలో ప్రింట్ తీసి ఇద్దరి చేతుల్లోనూ ఒక్కోటి పెట్టండి. బయల్దేరేటప్పుడు నింపే ఫారం మనవాళ్లకి 2017 జులై నుంచి లేదు.

అసలు కంగారు పడాల్సింది అమ్మగారి పేరు గురించి. పాస్‌పోర్టులో ఒక్క మాటే పేరున్న విజిట్ వీసా ప్రయాణికులని రానివ్వబోమని యూఏఈ 2022 నవంబర్లో చెప్పింది. తర్వాత, పాస్‌పోర్టు రెండో పేజీలో తండ్రి పేరో ఇంటిపేరో ఉంటే పర్వాలేదని సడలించింది. కానీ ఆ పేజీ చూసి సరే అనాల్సింది చెక్-ఇన్ కౌంటర్లో మనిషి. అక్కడ దింపాక వెనక్కి పంపితే ఆ ఖర్చు ఎయిర్‌లైన్ మీద పడుతుంది, అందుకే అనుమానం వస్తే ఎక్కించరు. వ్యవధి ఉంటే పాస్‌పోర్ట్ రీ-ఇష్యూకి పెట్టి, ఇంటిపేరు వేరే గడిలో వేయించండి. వీసా, టికెట్ ఆ తర్వాతే. వీసా ఇప్పటికే వచ్చేసి ఉంటే, అందులో పేరూ టికెట్ మీద పేరూ అక్షరం తేడా లేకుండా ఉన్నాయా చూసుకుని, ఎయిర్‌లైన్ దగ్గర ఈమెయిల్లో రాతపూర్వకంగా సరే అనిపించుకోండి.

వంటింటి_సామాను

తినేవాటిలో మొట్టమొదట తీసేయాల్సింది గసగసాలు. మనకి మసాలా దినుసు, యూఏఈలో మాదకద్రవ్యాల కింద లెక్క. పొట్లంగా పెట్టకపోయినా, ఇంట్లో కొట్టిన మసాలా పొడిలో ఉండొచ్చు. అరిసెల మీద అద్దినవి నువ్వులా గసగసాలా అని అమ్మగారిని అడగండి. నువ్వులైతే ఏ ఇబ్బందీ లేదు. మసాలా పొడులు ఈసారికి మానేయడమే క్షేమం, షార్జాలో అన్నీ దొరుకుతాయి. తమలపాకులు, కిళ్లీ సామాను కూడా వద్దు.

ఎండుకొబ్బరి చిప్పలు చెక్-ఇన్‌లోనూ పెట్టకూడదు. నూనె ఎక్కువ, మూసి ఉన్నచోట దానంతటదే వేడెక్కి అంటుకునే సరుకుల్లో లెక్క. ఎక్స్‌రేలో పట్టుకుంటే నాన్నగారిని వెనక్కి పిలిచి పెట్టె తెరిపిస్తారు.

ఆవకాయ చెక్-ఇన్‌లోనే, చేతి సంచిలో వద్దు. సీసా నిండా పెట్టొద్దు, పైన రెండు వేళ్ల ఖాళీ ఉంచండి. పైన తేలిన నూనె కొంత తీసేయండి. మూత కింద ప్లాస్టిక్ కాగితం వేసి బిగించి, చుట్టూ టేపు వేసి, విడివిడిగా రెండు కవర్లు కట్టి, బట్టల మధ్యలో నిలబెట్టండి. గాజు కంటే మందపాటి ప్లాస్టిక్ డబ్బా నయం. పవర్‌బ్యాంక్ మాత్రం దీనికి వ్యతిరేకం: చేతి సంచిలోనే ఉండాలి.

ఇక మందులు. నరాల నొప్పికి ఇచ్చేవాటిలో ప్రీగాబాలిన్ ఉందేమో స్ట్రిప్పు వెనక చదవండి. ప్రీగాబాలిన్, ట్రమడాల్, కోడీన్ యూఏఈలో నియంత్రిత మందులు. డాక్టరు చీటీతో అక్కడి ప్రభుత్వ పోర్టల్లో ముందే అనుమతి తీసుకోవాలి. షుగరు, బీపీ మాత్రలకి ఇంగ్లీషులో రాసిన చీటీ చాలు. మాత్రలు స్ట్రిప్పుల్లోనే ఉండాలి, డబ్బాలోకి ఒలిచి పోయొద్దు. అన్నీ చేతి సంచిలోనే.

గుడివాడ_ఆడపడుచు

ఎంతో మేలు చేశారండీ. స్ట్రిప్పు చూపిస్తే ప్రీగాబాలిన్ ఉంది, ఇవాళే దరఖాస్తు పెడుతున్నాను. ఇంకో రెండు. అమ్మ గాజులు, గొలుసు వేసుకొస్తానంటోంది. జనవరిలో గన్నవరంలో పొగమంచు ఎక్కువంటున్నారు కదా, విమానం దిగకపోతే ఏం చేయాలి?

ఏలూరు_రోడ్డు

బంగారం తీసుకెళ్లొచ్చు, తిరిగొచ్చేటప్పుడే పేచీ. అక్కడ కొన్నది కాదని ఋజువు కావాలి. ప్రభుత్వ గుర్తింపున్న వాల్యూయర్ (నగలకి విలువ కట్టే మనిషి) దగ్గర తూకం, ధర కాగితం తీసుకుని, ఫొటోలతో కలిపి, బయల్దేరే రోజు కస్టమ్స్ అధికారికి చూపిస్తే ఎక్స్‌పోర్ట్ సర్టిఫికెట్ ఇస్తారు. దీనికి ఇంకో అరగంట ముందు రావాలి. రోజూ వేసుకునే రెండు గాజులు, సన్న గొలుసు వరకే ఉంచితే ఆ కష్టం కూడా తగ్గుతుంది.

పొగమంచు నిజమే. రన్‌వే 3,360 మీటర్లకి పెంచారు గానీ, పొడవుకీ మంచుకీ సంబంధం లేదు, పైలట్‌కి రన్‌వే కనబడాలి. ఉదయం వేళ కనబడకపోతే కాసేపు గాల్లో తిరిగి హైదరాబాద్‌కి మళ్లిస్తారు. మీవాళ్లు ఎక్కాల్సింది ఆ వచ్చే విమానమే, కాబట్టి వీళ్లు ఇక్కడ గంటలకొద్దీ కూర్చోవాలి. షుగరు మనిషి కదా, ఇడ్లీలో చపాతీలో పొడికూరతో కట్టి ఇవ్వండి, చేతి సంచిలో తీసుకెళ్లొచ్చు. పచ్చడి, పెరుగు వద్దు.

రద్దయితే డబ్బు వాపసు, లేదంటే వేరే విమానం. ఏది కావాలో అడిగే హక్కు మీది. 2022 అక్టోబర్ 31న ఈ షార్జా సర్వీసు మొదలైనప్పుడు వారానికి రెండు రోజులే ఉంది. అలాంటి రూట్లో తర్వాతి విమానం దాకా ఆగితే వీసా గడువు, తిరుగు టికెట్ తేదీ అన్నీ కదులుతాయి. హైదరాబాద్ నుంచి ఎక్కిస్తారా అని వెంటనే అడగండి. టికెట్ మీ నంబర్‌తో తీసి ఉంటే మెసేజ్‌లు మీకే వస్తాయి, వాళ్లకి రావు. నాన్నగారి నంబర్ కూడా బుకింగ్‌లో చేర్పించండి.