అడవికోడి అంటే ఏ కోడి?

నిన్న అడిగిన ప్రశ్నకి కామెంట్లో పట్టదని విడిగా రాస్తున్నాను. "పెంపుడు కోళ్ళన్నిటికీ మూలం అడవికోడి" అని అనువాదంలో రాస్తే సరిపోతుందా అని అడిగారు కదా. చాలదండీ. ఆ ఒక్క పేరుతో మనం రెండు వేరువేరు పక్షుల్ని పిలుస్తున్నాం. ఉత్తరాంధ్ర మన్యంలో కనబడేది ఎర్రది, నల్లమలలో తిరిగేది బూడిద రంగుది, ఇంచుమించు గోదావరి దగ్గరే వీటి సరిహద్దు.

మూలం ఎర్రదే. 2020లో వచ్చిన జన్యు పరిశోధన ఇంకాస్త వెనక్కి వెళ్ళి, ఎర్రవాటిలోనే నైరుతి చైనా, ఉత్తర థాయిలాండ్, మయన్మార్ వైపు ఉండే ఉపజాతి నుంచి పెంపుడు కోడి వచ్చిందని తేల్చింది. కానీ తమాషా ఏమిటంటే, ఎర్ర అడవికోడి కాళ్ళు పసుపుగా ఉండవు, మన పెరటి కోళ్ళలో చాలావాటికి ఉంటాయి. ఆ పసుపు జన్యువు బూడిద రంగుదాని నుంచి వచ్చిందని 2008లోనే తేలింది! అంటే మన దక్షిణాది పక్షికీ ఈ వంశంలో వాటా ఉంది, అందుకే ఆ వాక్యంలో "ప్రధాన మూలం ఎర్ర అడవికోడి" అని రాయమంటాను.

కూత కూడా వేరు. ఎర్రది మన పుంజులాగే కూస్తుంది, కాకపోతే కొక్కొరోకోలో చివరి "కో" సాగదీయకుండా టక్కున తుంచేస్తుంది. బూడిద రంగుది అసలు ఆ బాణీలో కూయదు.

రెండిటికీ వేరే పేర్ల కోసం సంస్కృతం వైపు వెళ్దామా అంటే అక్కడా లాభం లేదు. అమరకోశంలోని తామ్రచూడం అంటే ఎర్ర జుట్టుది, చరణాయుధం అంటే కాళ్ళే ఆయుధాలుగా గలది, రెండు పక్షులకీ రెండూ వర్తిస్తాయి. పాత తెలుగు మాట కారుకోడి నాకు భలే ఇష్టం, కారుచిచ్చు, కారెనుములో ఉన్న కారే, అడవి అని. ఇప్పుడు వాడితే కారు కింద పడ్డ కోడి అనుకుంటారేమో గానీ.

అన్నిటికన్నా నయం పందెంరాయుళ్ళ భాష. నల్ల ఈకలుంటే కాకి, ఎర్రవైతే డేగ, రెండూ కలిస్తే కాకిడేగ. ఎర్ర అడవికోడి పుంజు ఫోటో చూడండి, మెడా వీపూ ఎర్రగా, రొమ్మూ తోకా నల్లగా, అచ్చం కాకిడేగే.

గోదావరి గట్టున, మన్యంలో ఉండేవాళ్ళు ఈ రెండిటికీ వేరే పేర్లు వాడుతుంటే ఊరి పేరుతో సహా కింద రాయండి.