ముందస్తు లెక్క ఉండగా ప్రతి మోనోపైల్‌కూ సెన్సర్లు కావాలా?

అలలెక్క: సముద్రంలో గాలిమర నిలబెట్టడానికి మోనోపైల్ (పునాదిగా నేలలోకి కొట్టే ఒకే పెద్ద ఉక్కు గొట్టం) దింపేముందు, ఏ లోతులో ఎన్ని హామర్ దెబ్బలు పడతాయో లెక్క వేసుకుంటాం. 1960లో స్మిత్ ప్రచురించిన వేవ్ ఈక్వేషన్ పద్ధతే (దెబ్బ పైల్‌లో తరంగంగా ఎలా వెళ్తుందో లెక్కించేది) దీనికి ఇప్పటికీ ఆధారం. సీపీటీ (కోన్‌ను నేలలోకి నొక్కి గట్టిదనం కొలిచే పరీక్ష) డేటా బాగుండి, హామర్ వివరాలు తెలిసినప్పుడు ప్రతి పైల్‌కూ గేజ్‌లు బిగించడం దండగ అని నా అభిప్రాయం. దెబ్బల సంఖ్య, హామర్ శక్తి ఎలాగూ రికార్డవుతున్నాయి. ఇంకో సంగతి: గట్టి పొర కింద మెత్తటి పొర ఉంటే పైల్ ఒక్కసారిగా జారిపోతుంది. సెన్సర్ దాన్ని చూపించేసరికి జారడం అయిపోతుంది. ముందే హెచ్చరించగలిగేది లెక్క ఒక్కటే.

ఉక్కుతరంగం: జారిపోవడం గురించి మీ మాట నిజమే. మిగతాది ఒప్పుకోలేను. హామర్ చూపించే శక్తి వేరు, పైల్‌లోకి దిగిన శక్తి వేరు. దెబ్బలు పెరిగాయంటే నేల గట్టిదా, శక్తి సరిగా అందలేదా? దెబ్బల సంఖ్య ఒక్కదాంతో తేల్చలేం. పైల్ పైభాగంలో స్ట్రెయిన్ గేజ్ (ఉక్కు ఎంత నొక్కుకుందో కొలిచేది), యాక్సిలరోమీటర్ (త్వరణం కొలిచేది) ఉంటే బలం, వేగం రెండూ తెలుస్తాయి. ఉక్కులో తరంగం సెకనుకు సుమారు 5,100 మీటర్లు పోతుంది, కాబట్టి 70 మీటర్ల పైల్‌లో కిందికి వెళ్లి తిరిగి రావడానికి 27 మిల్లీసెకన్లు. నేల ఏ లోతులో ఎంత అడ్డుకుందో ఆ తిరుగు తరంగంలోనే ఉంటుంది.

పైగా నేల నిరోధం లెక్కగట్టడానికి మనం వాడే సూత్రాలు చాలావరకు చమురు వేదికల సన్నటి పైళ్ల అనుభవం నుంచి వచ్చాయి. ఇప్పటి మోనోపైళ్ల వ్యాసం 8 మీటర్లు దాటింది. అక్కడ ఆ సూత్రాలు ఎంత నిలుస్తాయో కొలిస్తేనే తెలుస్తుంది.

సుద్దనేల: నేల రకం వదిలేసి మాట్లాడుతున్నారు మీరిద్దరూ. బంకమన్నులో వాతావరణం బాగాలేక పని ఆగితే, దింపేటప్పుడు నేలలో పెరిగిన నీటి ఒత్తిడి తగ్గి నేల పైల్‌ను పట్టేస్తుంది. మళ్లీ మొదలుపెట్టేటప్పుడు అదే హామర్ చాలకపోవచ్చు. ఆపకుండా దింపే లెక్క మాత్రమే వేసి ఊరుకుంటే అప్పుడు ఇబ్బంది తప్పదు. సుద్దలో మరీ తేడా: సీపీటీ కోన్‌కు గట్టిగా తగిలిన సుద్ద, పైల్ చుట్టూ నలిగి ముద్దయిపోతుంది. పైల్ సులువుగా దిగుతుంది, పట్టు వారాల తరబడి పెరుగుతుంది. దింపిన రోజు కొలిచింది తుది బలం కాదు. బాల్టిక్ సముద్రంలో వికింగర్ గాలిమరల క్షేత్రం దగ్గర పరీక్ష పైళ్లు దింపి, తర్వాత మళ్లీ పరీక్షించింది అందుకే.

అలలెక్క: సుద్ద సంగతి ఒప్పుకుంటున్నాను. అయినా అన్నిటికీ వద్దు. నేల మారిన ప్రతి చోటా మొదటి పైల్‌కు పెడదాం.

ఉక్కుతరంగం: మొదటిది అని కాదండి. కనిష్ఠ, గరిష్ఠ అంచనాల మధ్య తేడా ఎక్కువున్న పైళ్లకు పెట్టాలి. ఆ ఫలితంతో లెక్క సవరించాకే తర్వాతి పైల్‌కు వెళ్లాలి. దింపడం అంతా ముగిశాక వచ్చే రిపోర్టు ఫైల్లో పెట్టుకోవడానికే పనికొస్తుంది.

సుద్దనేల: వాటిలో కొన్నిటిని వారాల తర్వాత మళ్లీ కొట్టి చూడటానికి ఓడ ఖర్చు మొదటి రోజే బడ్జెట్‌లో రాయండి. తర్వాత అడిగితే ఎవరూ ఇవ్వరు.