స్టడీ టూర్‌లో వేసిన చార్‌కోల్ స్కెచ్‌లు చెరిగిపోకుండా తేవడం ఎలా?

20 మంది ఫైన్ ఆర్ట్స్ విద్యార్థులతో మహానగరానికి 5 రోజుల టూర్. చాలా మ్యూజియంలలో పెన్సిల్‌కే అనుమతి కాబట్టి అక్కడికి 2బి, 4బి చాలు. చిక్కంతా వీధుల్లో, స్టేషన్లలో వేసే బొమ్మలతోనే.

విల్లో చెట్టు పుల్లలు కాల్చి చేసే విల్లో చార్‌కోల్‌లో జిగురు ఉండదు, దాని పొడి ఊరికే కాగితానికి ఆనుకుని ఉంటుంది. బ్యాగులో షీట్లు కాస్త జరిగాయా, చెంప మీద శ్రద్ధగా వేసిన నీడంతా బూడిద మరకైపోతుంది. బొమ్మ చెరగకుండా చల్లే ఫిక్సెటివ్ స్ప్రే మండే ఏరోసాల్, విమానంలో తీసుకెళ్లనివ్వరు. ప్లాస్టిక్ కవర్లు అసలే వద్దు, స్థిర విద్యుత్తుతో పొడిని లాగేస్తాయి.

ఏ3 షీట్ల మధ్య గ్లాసిన్ పేపరు (నున్నటి పల్చటి కాగితం) వేసి, రెండు గట్టి అట్టల మధ్య పెట్టి, నాలుగు మూలలా క్లిప్పులు బిగించాలని ఆలోచన. గ్లాసిన్ బదులు బటర్ పేపరు సరిపోతుందా? ఒక్కో జత అట్టల్లో ఎన్ని షీట్ల దాకా పెట్టొచ్చు? జిగురు కలిపి అచ్చు వేసిన కంప్రెస్డ్ చార్‌కోల్ అయితే తక్కువ రాలుతుందా? చేసి చూసినవాళ్లు దయచేసి చెప్పండి.