జీర్ణవ్యవస్థ పాఠానికి మేక పేగులు తరగతికి తేవచ్చా?

పల్లెబడి టీచర్

జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో జీవశాస్త్రం చెబుతాను. ఈ నెల పదో తరగతికి పోషణ పాఠం. ఊళ్లో మాంసం కొట్టు నడిపే అతను మా పూర్వ విద్యార్థే. అడిగితే ఒక మేక ఆహారవాహిక మొదలుకొని పెద్దపేగు చివరి దాకా, కాలేయంతో సహా కడిగి ఇస్తానన్నాడు. బల్ల మీద పరిచి చూపించాలని నా ఆలోచన. తోటి ఉపాధ్యాయుల్లో ఒకరు చట్టప్రకారం నిషేధమన్నారు, మరొకరు తల్లిదండ్రులు గొడవకు వస్తారన్నారు. మేక గుండె, మూత్రపిండం కోసి చూసే కృత్యాలు పాఠ్యపుస్తకంలోనే ఉన్నాయి. పేగుల దగ్గరికి వచ్చేసరికి మాత్రం బొమ్మే దిక్కు. ఏళ్లుగా ఆ బొమ్మతోనే చెబుతున్నాను. భాగాల పేర్లు వరసగా అప్పజెప్పే పిల్లలు, అన్నం కాలేయం లోపలి నుంచి కూడా వెళుతుందని రాస్తున్నారు. నీళ్లకు ఒక గొట్టం, అన్నానికి మరో గొట్టం గీసేవారూ ఉన్నారు. మీరేమంటారు?

రిటైర్డ్ జువాలజీ

తప్పకుండా చూపించండి. నిషేధం అన్నవారిని ముందు ఏ నిషేధమో అడగండి. విశ్వవిద్యాలయాలను పర్యవేక్షించే యూజీసీ 2011లో ఇచ్చిన మార్గదర్శకాలు, 2014లో వచ్చిన ఆదేశం రెండూ డిగ్రీ, ఆపై జంతుశాస్త్ర ప్రయోగశాలలకు సంబంధించినవి. పాఠం కోసం జంతువును పట్టి చంపి కోయడాన్ని ఆపడానికి వచ్చినవి. ఉదయం కూర కోసం కోసిన మేక పేగు ఆ లెక్కలోకి ఎలా వస్తుంది?

మా రోజుల్లో బైపీసీ అంటే కప్పే. కప్ప కాళ్ల ఎగుమతిని కేంద్రం 1987లో నిషేధించాక కూడా కళాశాలల్లో మైనం పళ్లేలు, పిన్నులు కొన్నేళ్లు అలాగే సాగాయి. ఆ పద్ధతి పోయినందుకు నాకు చింత లేదు. దాంతోపాటు అవయవాన్ని చేత్తో తాకి తెలుసుకోవడం కూడా పోయింది, నా బాధంతా దానికే. పటంలో పేగులు గాలిలో వేలాడుతూ కనిపిస్తాయి. నిజం పేగును ఎత్తి చూస్తే దాన్ని వెన్ను వైపు గోడకు పట్టి ఉంచే పల్చని పొర, ఆ పొరలో విసనకర్రలా విచ్చుకున్న రక్తనాళాలు కనిపిస్తాయి. జీర్ణమైన ఆహారం రక్తంలోకి ఎలా చేరుతుందో అక్కడ వేలు పెట్టి చూపవచ్చు.

ఇద్దరు పిల్లల తల్లి

మాస్టారూ, మా పెద్దమ్మాయి గుడ్డు కూడా ముట్టదు. ఎవరూ నేర్పలేదు, తనంతట తానే మానేసింది. మీ తరగతిలో ఉంటే ఏం చేస్తుంది? లేచి బయటికి వెళితే అందరూ నవ్వుతారు. కూర్చుంటే ఆ రాత్రి అన్నం తినదు. మార్కులు టీచరు చేతిలో ఉన్నప్పుడు "ఇష్టం లేనివాళ్లు చూడనక్కర్లేదు" అనే మాటకు విలువ ఎంత?

ఇంకొకటి ఉంది, ఇది ఎవరూ ఎత్తరు కాబట్టి నేనే ఎత్తుతున్నాను. బోటి కూర ఏ ఇళ్లలో వండుతారో, ఏ ఇళ్లలో వండరో మన ఊళ్లలో అందరికీ తెలుసు. పేగులు బల్ల మీద పెట్టగానే ముక్కు మూసుకొనేవారు ఒక పక్క, ఊరుకొనేవారు ఒక పక్క తేలిపోతారు. అది కులాల గీత. పాఠం పేరుతో దాన్ని తరగతిలో గీయాలా?

బోటి ఇంటివాణ్ని

అమ్మా, మీ రెండో మాటకే జవాబు చెబుతాను.

ఆదివారం బోటి శుభ్రం చేయడం మా ఇంట్లో నా పని. వేడినీళ్లలో ముంచి, సున్నం రాసి గీకాలి. పేగును చీపురుపుల్లతో లోపలిది బయటికి తిప్పాలి. కొంత భాగం నూగుగా, కొంత గళ్లు గళ్లుగా, కొంత పొరలు పొరలుగా ఉంటుంది. కాలేయం కోసేటప్పుడు చేదు పగలకుండా తీయాలి. పగిలిందా, కూర మొత్తం పారబోయడమే. పదో తరగతిలో పిత్తాశయం పాఠం వచ్చినప్పుడు అదేమిటో ఎక్కడుంటుందో తరగతి మొత్తంలో తెలిసినవాణ్ని నేనొక్కణ్నే. నోరు విప్పలేదు. ఎలా తెలుసని అడుగుతారని భయం.

ఆ గీత బల్ల మీద పేగులు పెట్టకముందే ఉంది. ఆ రోజు మా మాస్టారు పేగు తెచ్చి "ఇది మీలో ఎవరికి తెలుసు?" అని అడిగి ఉంటే, జీవశాస్త్రం గంటలో మొదటిసారి నేను లేచి నిలబడేవాణ్ని. ముక్కు మూసుకొనేవాళ్ల మనసు నొచ్చుకోకూడదని ఇన్నేళ్లూ దాచినది మా ఇంటి చదువునే.

ఇద్దరు పిల్లల తల్లి

మీ మాట కాదనలేను. అయితే మీలాంటి పిల్లవాడిని లేపి అడగాలంటే ఆ టీచరుకు చాలా నేర్పు కావాలి. "నీకు తెలిసే ఉంటుందిలే" అని వెటకారంగా అనేవారినీ నేను చూశాను. వస్తువు మంచిదే కావచ్చు, అది ఎవరి చేతిలో పడుతుందన్నదే నా భయం.

పశువుల డాక్టర్

అందరూ మనోభావాల గురించి మాట్లాడుతున్నారు. అసలు చిక్కు శరీర నిర్మాణంలో ఉంది. పాఠం మనిషి జీర్ణవ్యవస్థ గురించి. మేక నెమరువేసే జంతువు, దాని పొట్టలో నాలుగు గదులు. పైన చెప్పిన నూగు, గళ్లు, పొరలు మూడూ వరసగా రూమెన్, రెటిక్యులం, ఒమేసం. నాలుగోది అబోమేసం. మన జీర్ణాశయంలా ఆమ్లం, పెప్సిన్ స్రవించేది ఆ నాలుగోది ఒక్కటే. ముందున్న పెద్ద సంచిని చూసి "జీర్ణాశయం ఇదే" అనుకొన్న పిల్లవాడికి మీరు తప్పు నేర్పినట్టే. పొడవు కూడా సరిపోదు. మనిషి చిన్నపేగు సుమారు 6 మీటర్లు అంటాం. మేకది అంతకన్నా చాలా పొడవు. మేకలో క్లోమనాళం (పాంక్రియాస్ నుంచి వచ్చే గొట్టం) పిత్తనాళంలోనే వచ్చి కలుస్తుంది, చిన్నపేగు మొదటి భాగమైన ఆంత్రమూలంలోకి రెండింటికీ ఒకే దారి. అయినా కొట్టులో క్లోమం సాధారణంగా మీ చేతికి రాదు, కొవ్వుతో కలిపి పారేస్తారు.

మనకు దగ్గరగా ఉండేది పంది. దాన్ని మన తరగతిలోకి తేవడం ఎంత కష్టమో వేరే చెప్పనక్కర్లేదు.

ఇక శుభ్రత సంగతి. పేగులో సాల్మొనెల్లా, ఈ-కోలి ఉంటాయి కాబట్టి చేతి తొడుగులు, సబ్బు తప్పనిసరి. పాఠం అయ్యాక మిగిలినవి కుక్కలకు వేయకండి. మేకల, గొర్రెల కాలేయంలో నీటిబుడగల్లాంటి హైడాటిడ్ తిత్తులు ఉండవచ్చు. అవి తిన్న కుక్క పేగులో బద్దెపురుగు పెరుగుతుంది, కుక్క మలంలోని గుడ్ల ద్వారా మనుషులకు సోకుతుంది. లోతుగా పూడ్చండి. కాలేయం మీద అలాంటి తిత్తి కనిపిస్తే దాన్ని కోయవద్దు.

సాఫ్ట్‌వేర్ బాబాయ్

ఇంత తంటా ఎందుకు? ఫోనులో త్రీడీ బొమ్మ ఉంది, తిప్పి తిప్పి చూపవచ్చు. వాసన లేదు, కులం లేదు, పురుగు లేదు.

రిటైర్డ్ జువాలజీ

బరువూ లేదు బాబాయ్. మనిషి కాలేయం దాదాపు కిలోన్నర. ఫోనులో కాలేయమూ పిత్తాశయమూ ఒకే బరువు.

డాక్టరు గారి మాట ఒప్పుకొంటాను, మేక పొట్ట మనిషి పొట్ట కాదు. పేగు గోడ, కాలేయం, పిత్తాశయం అయితే పనికొస్తాయి కదా? పొట్టను పక్కన పెట్టి మిగిలినవి చూపమనండి.

సర్జికల్ వార్డు సిస్టర్

ఒక పెద్దాసుపత్రిలో చాలాకాలంగా పనిచేస్తున్నాను. ముందు చిన్న సవరణ. బతికున్న మనిషిలో చిన్నపేగు కండరం బిగువుగా ఉంటుంది కాబట్టి పుస్తకాల్లో రాసే ఆరేడు మీటర్ల కన్నా పొట్టిగా ఉంటుంది. చనిపోయాక బిగువు సడలి సాగుతుంది.

మా వార్డుకు వచ్చే పెద్దవాళ్లను కాలేయం ఎక్కడుందో చూపమంటే సగానికి సగం మంది బొడ్డు చూపిస్తారు. వీళ్లంతా ఒకప్పుడు పటం గీసి మార్కులు తెచ్చుకొన్నవాళ్లే. ఛాతీ మధ్యలో నొప్పి వస్తే గ్యాస్ అనుకొని సోడా తాగి పడుకొనేవారు, తీరా తెల్లవారాక గుండెపోటుతో వస్తారు. ఉండుకం (అపెండిక్స్) నొప్పి చాలామందిలో బొడ్డు చుట్టూ మొదలై, కొన్ని గంటల తర్వాత కుడివైపు కిందికి దిగుతుంది. ఈ సంగతి తెలియక రెండు రోజులు వాము నీళ్లు తాగి, ఉండుకం పగిలాక వచ్చేవారు ఉన్నారు.

బల్ల మీది పేగు చూసినా, ఫోనులో బొమ్మ చూసినా ఇది రాదు. అవయవం తన ఒంట్లో ఎక్కడుందో పిల్లకు తెలియాలి. పాత బనియనో, ఎప్రనో తొడిగి దాని మీద ఒక్కో అవయవాన్ని సరైన చోట అతికించమనండి. కాలేయం కుడివైపు పక్కటెముకల కింద, జీర్ణాశయం ఎడమవైపు, క్లోమం జీర్ణాశయం వెనుక అడ్డంగా. ఇది నేర్చుకొన్న పిల్ల ఇంట్లో ఎవరికైనా నొప్పి వస్తే చేయి ఎక్కడ పెట్టి అడగాలో తెలుసుకొంటుంది. మేక పేగు వల్ల ఆ పని జరుగుతుందా? నాకు నమ్మకం లేదు.

పదో తరగతి బెంచి

నేను పదో తరగతి చదువుతున్నాను. పరీక్షలో పటం గీసి భాగాలు గుర్తించమంటారు కాబట్టి మా క్లాసులో అందరికీ పటం వచ్చు. పటంలో క్లోమం ఆకులా ఉంటుంది. నిజంగా ఎలా ఉంటుందో తెలియదు. నాకు చూడాలని ఉంది. మా స్నేహితురాలికి లేదు. ఇద్దరం ఒకే బెంచిలో కూర్చుంటాం.

నీట్ లెక్చరర్

ఈ చర్చలో ఎవరూ ప్రస్తావించని సంగతి ఒకటుంది. ఎన్‌సీఈఆర్‌టీ సిలబస్ తగ్గింపులో పదకొండో తరగతి జీవశాస్త్రం నుంచి జీర్ణక్రియ, శోషణ అధ్యాయాన్ని మొత్తంగా తీసేశారు. 2024 నీట్ సిలబస్‌లోనూ అది లేదు. కోచింగ్ సంస్థలు మార్కులు రాని అధ్యాయం జోలికి వెళ్లవు. మేమూ వెళ్లడం లేదు, దాచడం ఎందుకు? రేపటి డాక్టరు కూడా పదో తరగతి దాటాక జీర్ణాశయాన్ని మళ్లీ చూసేది ఎంబీబీఎస్ మొదటి ఏడు శవం మీదే కావచ్చు. ఎంపీసీ, కామర్స్ తీసుకొన్నవాళ్లకు ఇక జీవితంలో ఈ పాఠం రాదు. మేక పేగా, ఎప్రనా అన్న దాంట్లో నేను ఎవరి పక్షమూ కాదు. పదో తరగతి టీచరు చెప్పేదే చాలామందికి ఆఖరి మాట అని తెలిసి నిర్ణయించుకోండి.

శాన్‌హోసే నుంచి

ఇక్కడ కాలిఫోర్నియాలో 1988 నుంచి చట్టమే ఉంది. జంతువును కోసే పాఠం వద్దని విద్యార్థి కారణం చెప్పి, తల్లిదండ్రుల చీటీ తెస్తే టీచరు మరో పని ఇవ్వవచ్చు. వద్దన్నందుకు మార్కుల్లో వివక్ష చూపకూడదు. ముందుగానే హక్కుల సంగతి చెప్పడం కూడా టీచరు బాధ్యతే. కోయడమూ ఆగలేదు, వద్దన్నవారి మాటా పోలేదు. మనవాళ్లలో శాకాహారుల పిల్లలు ఆ చీటీ వాడుకొంటారు. కొందరు వాడుకోరు, అదీ వాళ్ల ఇష్టమే.

ఇద్దరు పిల్లల తల్లి

చట్టం రాసి ఉన్న చోట చీటీకి విలువ ఉంటుంది. ఇక్కడ చీటీ తెచ్చిన పిల్ల పేరు స్టాఫ్ రూములో రెండు రోజులు నలుగుతుంది.

పల్లెబడి టీచర్

అందరి మాటలూ చదివాను. నేను చేయబోయేది చెబుతాను, తిట్టేవారు ఇప్పుడే తిట్టండి.

పాఠం మేక లేకుండానే మొదలుపెడతాను. సిస్టర్ గారు చెప్పిన ఎప్రన్ ముందు. తర్వాత చిన్నపేగు పొడవుకు ఆరు గజాల చీర, దాదాపు అయిదున్నర మీటర్లు వస్తుంది. దాన్ని మడతలు పెట్టి ఎప్రన్‌లో ఇమడ్చమంటాను. అంత పొడవు అంత చిన్న చోట ఎలా సర్దుకొందో చేతులకే తెలుస్తుంది. సైకిల్ ట్యూబులో నూనె రాసిన బంగాళాదుంపను నొక్కుతూ జరిపే కృత్యం పుస్తకంలో ఉన్నదే. గంజిలో లాలాజలం కలిపి అయోడిన్ చుక్క వేసేదీ ఉన్నదే. ఇవి అందరికీ.

మేక పేగు, కాలేయం శనివారం బడి వదిలాక ప్రయోగశాలలో పెడతాను. హాజరు పట్టీ ఉండదు, మార్కులు ఉండవు, దాని మీద ప్రశ్న రాదు. పొట్ట తేను. బోటి ఇంటివారు రాసింది చదివాక కోసి చూపే పని నేనొక్కణ్నే చేయకూడదనిపించింది. చేతనైన పిల్లలు ముందుకొస్తే కత్తెర వాళ్లకే ఇస్తాను. ఎవరినీ పేరు పెట్టి పిలవను.

అమ్మా, మీ భయం దీంతో పూర్తిగా తీరదని తెలుసు. బడి వదిలాక పెట్టినా ఎవరు ఉన్నారు, ఎవరు వెళ్లారు అన్నది కనిపిస్తూనే ఉంటుంది.

ఇద్దరు పిల్లల తల్లి

కనిపిస్తుంది. అందుకే నేనింకా వద్దనే అంటాను. ఎప్రన్, చీర చాలు. శనివారం దాకా ఎందుకు?

బోటి ఇంటివాణ్ని

శనివారం నాకోసం.

రిటైర్డ్ జువాలజీ

ఒక్క ముక్క. చిన్నపేగు లోపలి వైశాల్యం టెన్నిస్ కోర్టంత అని చెప్పకండి. మేమంతా అలాగే చెప్పాం. 2014లో స్వీడన్ పరిశోధకులు కొలిచి, నోటి నుంచి కింది దాకా మొత్తం కలిపినా సుమారు 32 చదరపు మీటర్లేనని తేల్చారు. పేగును చీల్చి నీళ్లలో వేసి భూతద్దం పెట్టించండి, ఆహారాన్ని పీల్చుకొనే సన్నని వేళ్లలాంటి ఆంత్రచూషకాలు మఖమలులా లేచి కనిపిస్తాయి.

పదో తరగతి బెంచి

డాక్టర్ గారూ, మేకకు ఉండుకం ఉంటుందా? అది కూడా చూపిస్తారా?

పశువుల డాక్టర్

ఉండదమ్మా. చిన్నపేగు పెద్దపేగులో కలిసే చోట అంధనాళం మాత్రం ఉంటుంది, అదీ మనకన్నా చాలా పెద్దది. దాని చివర మనకున్న ఆ వేలంత తోక మేకకు లేదు. కుందేలుకు ఉంటుంది. మీ మాస్టారు పేగు పరిచినప్పుడు అంధనాళం ఎక్కడుందో వెతుకు. ఒక పక్క మూసుకుపోయిన సంచి కాబట్టి ఇట్టే దొరుకుతుంది.