ఇల్లు మారితే ముందే కట్టిన బ్రాడ్‌బ్యాండ్ డబ్బు ఎవరిది?

మియాపూర్ అద్దెదారు:
జూన్ మొదటి తేదీన మా అద్దె ఇంటికి ఏడాది ప్లాను తీసుకున్నాను. నెలనెలా కడితే పన్నుతో కలిపి 708 రూపాయలని, ఒకేసారి కడితే పది నెలల డబ్బుకే పన్నెండు నెలలు వస్తుందని చెప్పడంతో 7,080 రూపాయలు కట్టాను. అక్టోబరు ఆఖరుకు యజమాని ఇల్లు ఖాళీ చేయమనడంతో బాచుపల్లిలోని ఒక అపార్ట్‌మెంటుకు మారాము. షిఫ్టింగ్ కోసం అడిగితే అక్కడ ఫీజిబిలిటీ, అంటే కనెక్షన్ ఇచ్చే వీలు, లేదన్నారు. విచిత్రమేమిటంటే, ఆ కంపెనీ తీగ మా గేటు ఎదుటి కరెంటు స్తంభం దాకా వచ్చే ఉంది. లోపలికి మాత్రం అసోసియేషన్ వేరొక కంపెనీని తప్ప రానివ్వదు. మిగిలిన ఏడు నెలలకు 4,130 రూపాయలు వాపసు ఇవ్వమంటే, ముందుగా కట్టిన ప్లానుకు వాపసు లేదన్న షరతు చూపించారు. ఇవ్వని సేవకు డబ్బు ఉంచుకోవడం ఏ రకంగా న్యాయమో ఎవరైనా చెప్పగలరా?

మాజీ ఫైబర్ లైన్‌మన్:
నేను చెప్పేది మీకు నచ్చకపోవచ్చు. కంపెనీ సేవ ఆపలేదు, సేవ ఉన్న చోటును మీరే వదిలి వెళ్లారు. నెలనెలా కట్టే వీలు ఉండగా ఏడాదికి కట్టారంటే, ఏడాది పాటు ఉంటానన్న మాటకే ఆ రెండు నెలల తగ్గింపు దక్కింది. ఆ మాట నిలవనప్పుడు తగ్గింపు కూడా నిలవదు కదా. వాడిన ఐదు నెలలకు 708 చొప్పున 3,540 పోతే మిగిలేది 3,540 మాత్రమే, 4,130 కాదు. అందులోంచి తీగ ఖర్చు కూడా తీయాలని నా అభిప్రాయం. స్తంభం నుంచి మీ ఇంటి కొలతకు కోసి, స్ప్లైసింగ్ చేసి (ఫైబర్ కొసలు అతికి) లాగిన డ్రాప్ కేబుల్‌ను ఊడదీసి మరో ఇంటికి వేయడం మా పనిలో అరుదు. ఇంటి యజమానులు అడ్వాన్సులోంచి రంగుల ఖర్చు పట్టుకోవడం లేదా? ఇదీ అలాంటిదే.

ఒక్క జాగ్రత్త మాత్రం చెప్పాలి. సామాన్లు సర్దే హడావుడిలో చాలామంది ఓఎన్‌టీ డబ్బాను, అంటే ఫైబర్ తీగ వచ్చి చేరే కంపెనీ పరికరాన్ని, గోడ మేకుకే వదిలేసి వెళతారు. వెనుక చీటీ మీద ఉండే సీరియల్ నంబరుతో అది మీ ఖాతాకు ముడిపడి ఉంటుంది కనుక, ఆ తరువాత ఇంట్లోకి వచ్చినవాళ్లు దాన్ని చెత్తలో పారేసినా ఆ లెక్క మీ పేరు మీదికే వస్తుంది. చీటీని ఫొటో తీసి, అడాప్టరుతో సహా అప్పగించి, నంబరు రాసిన రసీదు తీసుకోండి.

వినియోగదారుల కేసులు చూసే న్యాయవాది:
వాపసు లేదన్న షరతు రాసి ఉన్నంత మాత్రాన వాదన ముగిసిపోదు. వినియోగదారుల రక్షణ చట్టం, 2019లోని సెక్షన్ 2(46) అన్యాయమైన ఒప్పందాన్ని నిర్వచిస్తూ, ఒప్పందం తప్పినందువల్ల కలిగిన నష్టంతో ఏమాత్రం పొంతన లేని జరిమానాను కూడా అందులో చేర్చింది. ఐదు నెలలకే వెళ్లిపోయినవారి నుంచి ఏడు నెలల డబ్బూ ఉంచుకోవడం అలాంటిదేనని వాదించవచ్చు. అయితే ఇందులో ఒక మెలిక ఉంది: అన్యాయమైన ఒప్పందం అన్న ఆరోపణను జిల్లా వినియోగదారుల కమిషన్ వినదు, దాన్ని రాష్ట్ర కమిషన్ దగ్గరే వేయాలి. నాలుగు వేల రూపాయల కోసం అంత దూరం వెళ్లేవారు ఎందరు? సేవాలోపం అని జిల్లా కమిషన్‌లో వేస్తే ఐదు లక్షల లోపు వ్యవహారానికి రుసుము ఉండదు, మీరు ఇప్పుడు నివసిస్తున్న చోటే వేసుకోవచ్చు కూడా. కానీ మియాపూర్‌లో సేవ చక్కగానే నడిచిందని మీరే ఒప్పుకుంటున్నారు కనుక, లోపం ఎక్కడ అని అవతలివారు తప్పక అడుగుతారు.

టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్‌కు రాయమని చాలామంది సలహా ఇస్తుంటారు గానీ, ట్రాయ్ వ్యక్తుల ఫిర్యాదులను విచారించదు. ముందు కంపెనీ ఫిర్యాదుల కేంద్రంలో డాకెట్ నంబరు (ఫిర్యాదు నమోదు సంఖ్య) తీసుకుని, తృప్తి కలగకపోతే అదే కంపెనీ అప్పీలు అధికారి దగ్గరకు వెళ్లాలి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు కూడా చెప్పవచ్చు. ఫోనులో ఎవరు ఏమన్నా, ఫీజిబిలిటీ లేదన్న మాటను రాతపూర్వకంగా తెప్పించుకోండి. మీ కేసుకు అదే ఆధారం.

ఒక అసోసియేషన్ కార్యదర్శి:
అందరినీ లోపలికి రానిస్తే ప్రతి అంతస్తులోనూ గోడకు కొత్త రంధ్రం పడుతుంది, వానాకాలంలో నీళ్లు కారితే తిట్లు మాకు పడతాయి. అయినా ఒక్క కంపెనీకే తలుపు తెరవడం సరైనదని నేను అనను. మేము ఇద్దరిని రానిచ్చాము. మీ కార్యవర్గానికి ఒక ఉత్తరం రాసి చూడండి, వాళ్లు ఒప్పుకుంటే ఈ గొడవే ఉండదు.

మియాపూర్ అద్దెదారు:
లైన్‌మన్ గారూ, తగ్గింపు నిలవదన్న మీ లెక్క నాకు సబబుగానే తోచింది కనుక 4,130 మాట వదులుకుంటున్నాను. తీగ ఖర్చు మాత్రం ఒప్పుకోను. ఇన్‌స్టాలేషన్ ఉచితమని ప్రకటించి, తరువాత దాన్నే బిల్లులో కలపడం తగదు. రంగుల పోలిక మీరే తెచ్చారు కాబట్టి చెబుతున్నాను, మా పాత యజమాని ఒక నెల అద్దె రంగులకు పట్టుకున్నా మిగతా అడ్వాన్సు మొత్తం చేతిలో పెట్టాడు. ఈ కంపెనీ ఒక్క రూపాయి కూడా ఇవ్వనంటోంది.

కార్యవర్గానికి ఉత్తరం ఇచ్చాను. ఫిర్యాదుల కేంద్రానికి 3,540 రూపాయలకే రాసి డాకెట్ నంబరు తీసుకున్నాను. డబ్బా కోసం శనివారం మనిషిని పంపుతామన్నారు. రసీదు మీద సంతకం పెట్టనిదే ఇవ్వను.