145 టన్నుల ట్రాన్స్‌ఫార్మర్: ఓడ హోల్డ్ నుంచి సబ్‌స్టేషన్ పునాది దాకా (చర్చ)

సబ్‌స్టేషన్_ప్లానర్

అందరికీ నమస్కారం. విదేశంలో తయారై, బ్రేక్‌బల్క్ ఓడలో (కంటెయినర్లలో పెట్టని విడి సరుకు మోసే ఓడ) విశాఖకు వచ్చి, అక్కణ్నుంచి హైదరాబాద్ శివారులోని 400 కేవీ సబ్‌స్టేషన్‌కు చేరాల్సిన ట్రాన్స్‌ఫార్మర్‌కు మెథడ్ స్టేట్‌మెంట్ (పని ఎలా చేయాలో రాసే పత్రం) తయారుచేయాలి. నూనె లేకుండా, పొడి నత్రజని నింపిన మెయిన్ ట్యాంకు బరువు 145 టన్నులు. పొడవు 9.2, వెడల్పు 3.8, ఎత్తు 4.6 మీటర్లు. అడుగుభాగం 8 × 2.8 మీటర్లు.

హాచ్ కవర్ (హోల్డ్ మూత) మీద పెట్టవచ్చా, హోల్డ్‌లోకే (ఓడ లోపలి సరుకు గది) పోవాలా? లాషింగులు (సరుకును ఓడకు బిగించే కట్లు) ఎన్ని? ట్రెయిలర్‌కు హైడ్రాలిక్ యాక్సిల్ వరుసలు ఎన్ని? తెలిసినవారు లెక్కతో సహా చెబితే మేలు.

హోల్డ్_నంబర్_2

హాచ్ కవర్ వద్దండి. ముందు డెక్ బలం చూడండి. 145 టన్నులను 22.4 చదరపు మీటర్లతో భాగిస్తే సగటున చదరపు మీటరుకు దాదాపు 6.5 టన్నులు. హాచ్ కవర్ బలం 3.5 టన్నులే అనుకుంటే ఆ బరువు పరవడానికి 41 చదరపు మీటర్లకు పైగా కావాలి. మీ అడుగుభాగం అందులో సగం కంటే కాస్త ఎక్కువ, అంతే. ట్యాంక్ టాప్ (హోల్డ్ అడుగు నేల) బలం సాధారణంగా దీనికి ఎన్నో రెట్లుంటుంది. ఆ ఓడ పుస్తకంలో ఉన్న అంకెనే తీసుకోండి, ఇంకో ఓడ అంకె పనికిరాదు.

ఈ 6.5 కూడా నిజమైన అంకె కాదు. ట్రాన్స్‌ఫార్మర్ బరువు అడుగంతా సమానంగా దిగదు, కింద ఉన్న స్టిఫెనర్ల (బలానికి అతికిన ఉక్కు పట్టీల) గుండానే దిగుతుంది. కాబట్టి బేస్ డ్రాయింగు తెప్పించి, స్టిఫెనర్లు ఎక్కడ పడతాయో చూసి, డన్నేజ్ దుంగలను (సరుకు కింద పరిచే కలపను) ట్యాంక్ టాప్ కింది ఫ్రేములకు (దాన్ని మోసే దూలాలకు) అడ్డంగా, ఒక్కో దుంగ కనీసం రెండు మూడు ఫ్రేముల మీద ఆనేలా పరవాలి. ఫ్రేముకు సమాంతరంగా రెండు ఫ్రేముల నడుమ పరిస్తే బరువంతా పల్చటి ప్లేటు మీద పడి అది సొట్టపోతుంది. దుంగల మీద ఐపీపీసీ ముద్ర (కలపలో పురుగు లేకుండా శుద్ధి చేశారని చూపే అంతర్జాతీయ గుర్తు) ఉందో లేదో లోడింగు రేవులోనే చూడండి. లేకపోతే దిగుమతి దగ్గర క్వారంటైన్ వాళ్లు ఆపుతారు.

కార్గో_సర్వేయర్

లాషింగ్ సంగతి నేను చెబుతాను. సీఎస్‌ఎస్ కోడ్ (ఓడలో సరుకు సర్ది కట్టడానికి ఉన్న అంతర్జాతీయ నియమావళి) 13వ అనుబంధంలో ఉన్న ముతక లెక్క ఇది: ఓడ ఒక్కో పక్కన ఉన్న లాషింగుల ఎమ్మెసెల్ మొత్తం సరుకు బరువుకు సమానం కావాలి. ఎమ్మెసెల్ అంటే ఆ లాషింగు గరిష్ఠంగా మోయగల భారం. 13 మి.మీ. గ్రేడ్ 80 గొలుసు 20 టన్నులకు పైగా లాగితే తెగుతుంది. గొలుసుకు అందులో 50 శాతమే లెక్క, అంటే 10 టన్నులు. 145 టన్నులకు పక్కకు 15 చొప్పున మొత్తం 30 గొలుసులు.

అందరూ తప్పులో కాలేసేది ఎమ్మెసెల్ శాతం దగ్గరే. షాకిల్, రింగు, డెక్ ఐ, టర్న్‌బకిల్ లాంటి తగిలించే, బిగించే సామాన్లు: 50 శాతం. ఒక్కసారి వాడి పారేసే కొత్త వైరు రోపు: 80 శాతం. మళ్లీమళ్లీ వాడే వైరు రోపు: 30 శాతమే. ఫైబర్ తాడు: 33 శాతం. కొత్త వైరు అని 80 శాతం వేసుకుని, దాని చివర తక్కువ బలమున్న షాకిల్ తగిలిస్తే ఆ లాషింగు బలం షాకిల్ బలమే అవుతుంది. గొలుసుకట్టులో అన్నిటికంటే బలహీనమైనదాని అంకెనే కాగితం మీద రాయాలి.

రెండోది కోణం. డెక్‌తో 60 డిగ్రీలు దాటి నిటారుగా ఉన్న లాషింగు, సరుకు పక్కకు జారకుండా ఆపలేదు, పొర్లకుండా మాత్రమే ఆపుతుంది. ముతక లెక్కలో దాన్ని కలపకూడదు. ట్రాన్స్‌ఫార్మర్ ఎత్తుగా ఉంటుంది గనుక పైనున్న లగ్గుల (గొలుసు తగిలించే ఉక్కు చెవుల) నుంచి కట్టిన గొలుసులన్నీ నిటారుగానే పడతాయి. 30 కట్టామనుకుంటారు, జారుడుకు పనికొచ్చేవి పదో పన్నెండో తేలతాయి.

సబ్‌స్టేషన్_ప్లానర్

తయారీదారు డ్రాయింగులో లాషింగ్ లగ్గులు ఎనిమిదే ఉన్నాయి సర్. 30 గొలుసులు దేనికి తగిలించాలి?

కార్గో_సర్వేయర్

అందుకే స్టాపర్లు (సరుకు జరగకుండా అడ్డు పెట్టే ఉక్కు ముక్కలు). ముతక లెక్కతో ఆగకుండా అదే అనుబంధంలోని పూర్తి లెక్క చేయించండి. ముతక లెక్క అడ్డంగా ఒక జీ (గురుత్వాకర్షణకు సమానమైన) త్వరణం పట్టుకుంటుంది. కింది హోల్డ్‌లో అసలు విలువ అంతకంటే తక్కువ, దానికి ఓడ పొడవు, వేగాలను బట్టి సవరణలుంటాయి. ఓడ వెడల్పును జీఎంతో (ఓడ స్థిరత్వాన్ని చూపే కొలత) భాగిస్తే 13 కంటే తక్కువ వస్తే మాత్రం విలువ మళ్లీ పెంచాలి. అడుగున స్టీలు కాయిల్స్ నింపుకున్న ఓడ గట్టిగా, కుదుపుతో ఊగుతుంది. కాబట్టి ఆ హోల్డ్‌లోకి ఇంకేం సరుకు ఎక్కుతోందో అడిగి తెలుసుకోవాలి.

జారుడును బేస్ చుట్టూ వెల్డ్ చేసిన స్టాపర్లకు అప్పగించండి. ఎనిమిది లగ్గుల గొలుసులు పొర్లుడును చూసుకుంటాయి. ఘర్షణ అంకెలు: ఉక్కు మీద ఉక్కు పొడిగా ఉంటే 0.1, తడిస్తే సున్నా. ఉక్కుకు కలపకు, లేదా ఉక్కుకు రబ్బరుకు మధ్య 0.3. బేస్‌కూ ట్యాంక్ టాప్‌కూ మధ్య ఎక్కడా ఉక్కు ఉక్కుకు తగలకూడదు.

హోల్డ్_నంబర్_2

స్టాపర్ల మాట వచ్చింది కనుక మూడు మాటలు. ట్యాంక్ టాప్ కింద ఇంధన ట్యాంకు ఉందో బ్యాలస్ట్ ట్యాంకు ఉందో ప్లానులో చూడకుండా వెల్డింగు రాడ్ పట్టుకోవద్దు. ఇంధనం ఉంటే అక్కడ వెల్డింగు లేదు, సరుకు చోటే మార్చుకోవాలి. ట్రాన్స్‌ఫార్మర్ బాడీకి ఒక్క వెల్డింగు టాకు (చుక్క) కూడా వేయకూడదు, స్టాపర్ ఓడకే అతకాలి. వెల్డింగు ఎర్త్ క్లాంపును ట్రాన్స్‌ఫార్మర్ మీద తగిలించడం ఇంకా ప్రమాదం, కరెంటు లోపలి కోర్ ఎర్తింగు గుండా పోతుంది.

వైరు లాషింగుకు బుల్‌డాగ్ క్లిప్పులు (మడిచిన వైరు కొసను పట్టి ఉంచే బిగింపులు) వేస్తే, యూ బోల్టు ఎప్పుడూ పొట్టి కొస మీద పడాలి. బరువు లాగే పొడుగు తీగ మీద దిమ్మ వైపు ఉండాలి. తిరగేస్తే యూ బోల్టు లాగే తీగనే నలిపేస్తుంది. క్లిప్పుకూ క్లిప్పుకూ మధ్య రోపు వ్యాసానికి ఆరు రెట్ల దూరం. ఓడ కదిలాక మొదటి రోజే అన్నీ ఒకసారి బిగించాలి. డన్నేజ్ అణగడంతో వదులవడం ఖాయం.

విశాఖ_బెర్త్

దించడం గురించి. ఓడ క్రేను 150 టన్నులదని చెప్పగానే సరిపోతుందనుకోకండి. 145కు స్ప్రెడర్ బీములు (స్లింగులను ఎడంగా ఉంచే దూలాలు), స్లింగులు (ఎత్తే తాళ్లు), షాకిళ్లు కలిపి 12 టన్నులు వేసుకుంటే 157. అంటే రెండు క్రేన్లు జంటగా ఎత్తాల్సిందే. ఆ సామర్థ్యం కూడా ఎంత దూరంలో అన్నది ముఖ్యం. హోల్డ్ మధ్యలో ఉన్నదాన్ని బెర్త్ మీద నిలిపిన ట్రెయిలర్ మధ్యరేఖ దాకా చాచినప్పుడు క్రేను పట్టిక ఏమంటుందో అదే అంకె.

స్ప్రెడర్ లేకుండా నాలుగు స్లింగులు ఒకే హుక్కుకు తగిలిస్తామనే వాళ్లుంటారు. గట్టి సరుకుకు నాలుగు కాళ్లున్నా బరువు మోసేవి రెండే అని లెక్క కట్టాలి. నిటారుగా అయితే కాలుకు 72.5 టన్నులు. స్లింగుకూ సరుకు పైభాగానికీ మధ్య కోణం 60 డిగ్రీలైతే 83.7, 45 డిగ్రీలైతే 102.5. అంతకన్నా పెద్ద చిక్కు, ట్రాన్స్‌ఫార్మర్ లిఫ్టింగ్ లగ్గులు నిలువు లాగుడుకే తయారవుతాయి. లోపలికి వాలిన స్లింగు లగ్గును వంచుతుంది, పైనున్న టర్రెట్లను (ట్యాంకు మీద పొడుచుకొచ్చిన మెడలను) నొక్కుతుంది.

మొదట 50 మి.మీ. ఎత్తి ఆపండి. నాలుగు మూలలా టేపుతో కొలవండి. ఒక మూల వాలితే గురుత్వ కేంద్రం గుర్తు తప్పుగా వేశారన్నమాట, దించి స్లింగు సర్దాలి. ఈ అయిదు నిమిషాలు క్రేను టైమని ఎవరు తొందరపెట్టినా ఒప్పుకోవద్దు. బరువు బయటికి చాచేటప్పుడు ఓడ వాలుతుంది, బ్యాలస్ట్ మార్పు ఎవరు చేస్తారో, ఎవరు ఆపమంటే ఆపాలో ముందే ఒకే మనిషికి అప్పగించాలి.

బెర్త్ నేల బలం కూడా అడగండి. ట్రెయిలర్‌కు ఇబ్బంది ఉండదు, ఒక వరుస 1.5 × 3 మీటర్ల జాగా పట్టుకుని 16.5 టన్నులు మోస్తే చదరపు మీటరుకు 3.7 టన్నులే. షోర్ క్రేను పెడతామంటేనే చిక్కు, దాని ఔట్‌రిగ్గర్ కాళ్ల కింద బరువంతా చిన్న జాగాలో పడుతుంది.

విశాఖలో ఇన్నర్ హార్బర్ డాల్ఫిన్స్ నోస్ కొండ వెనక ఉండటంతో నీరు కదలదు, ఇలాంటి ఎత్తుడుకు అనువు. కాకినాడ యాంకరేజిలో (ఓడ లంగరు వేసి నిలిచే చోట) బార్జి మీదికి దించడమంటే రెండు తేలే వస్తువుల మధ్య ఎత్తుడు. హోప్ ఐలాండ్ చాటున్నా ఈ బరువుకు నేనైతే ఒప్పుకోను.

యాక్సిల్_లైన్

అన్నా, రోడ్డు లెక్క ఇదీ. కేంద్ర రోడ్డు రవాణా శాఖ 2018 నోటిఫికేషన్ ప్రకారం మాడ్యులర్ హైడ్రాలిక్ ట్రెయిలర్‌లో ఒక యాక్సిల్ వరుసకు, అంటే ఎనిమిది టైర్లకు, 18 టన్నులు. వరుస సొంత బరువు దాదాపు 4 టన్నులు పట్టుకో. ట్రాన్స్‌ఫార్మర్ 145, కింద బీములు 5. పన్నెండు వరుసలకు 48. మొత్తం 198, భాగిస్తే 16.5. పన్నెండు చాలు అనిపిస్తుంది.

అసలు సమస్య ఎత్తు. ప్లాట్‌ఫారం 1.2 మీటర్లు, సరుకు 4.6, మొత్తం 5.8. హైవే అండర్‌పాసుల కింద ఖాళీ 5.5 మీటర్లు. హైడ్రాలిక్ పూర్తిగా కిందికి, అంటే 30 సెంటీమీటర్లు దించినా సరిగ్గా 5.5, మధ్యలో వేలు కూడా పట్టదు. తారు పొర మీద పొర వేసిన చోట ఆ 5.5 కూడా ఉండదు. అందుకని రెండు మాడ్యూళ్ల మధ్య డ్రాప్ డెక్ వేసి సరుకును కిందికి దించాల్సి వస్తుంది. ఆ డెక్ 20 టన్నులనుకో: 145, 5, 48, 20 కలిపి 218, పన్నెండుతో భాగిస్తే 18.2. పరిమితి దాటింది. పద్నాలుగు వరుసలు వేస్తే 226, వరుసకు 16.1. కొటేషన్ అడిగేటప్పుడు ఎత్తు చెప్పకుండా బరువొక్కటే చెబితే పన్నెండు వరుసల రేటు వస్తుంది, తర్వాత గొడవ.

ఇంకోటి, మూడు పాయింట్లా నాలుగు పాయింట్లా (సస్పెన్షన్ సిలిండర్లను ఎన్ని గుంపులుగా కలుపుతారు) అని తప్పక అడుగు. సస్పెన్షన్ సిలిండర్ల మధ్య దూరం 1.8, గురుత్వ కేంద్రం నేల నుంచి 3.5 అనుకుంటే నాలుగు పాయింట్ల సెట్టింగులో పక్కకు పడే కోణం 14 డిగ్రీలు. మూడు పాయింట్లలో సరుకు త్రికోణం నడుమ కూర్చుంటుంది, కోణం సగమై 7 డిగ్రీలకు వస్తుంది. సర్వీసు రోడ్డు వాలు, ఒక పక్క మెత్తటి మట్టి కలిస్తే 7 డిగ్రీలు ఎంతో దూరం కాదు. నాలుగు పాయింట్లయితే రోడ్డు మెలికకు ప్రెషరు గేజీలు చూస్తూ ఆయిల్ సర్దే మనిషి ట్రెయిలర్ వెంట నడవాలి.

సబ్‌స్టేషన్_ప్లానర్

వంతెనల అనుమతి ఎలా? దారి ఎన్‌హెచ్ 16 మీద విజయవాడ, అక్కణ్నుంచి ఎన్‌హెచ్ 65.

యాక్సిల్_లైన్

ఆ దారిలో గోదావరి రెండు పాయలు దాటాలి, రావులపాలెం పక్కన గౌతమి, సిద్ధాంతం దగ్గర వశిష్ఠ. తర్వాత మున్నేరు, మూసీ. కృష్ణపట్నంలో దించితే పెన్నా, కృష్ణ దాటాలి. రేవు ఎంపిక ఈ వంతెనలను చూశాకే ఖాయం చేయి. ఓడ కిరాయి తక్కువని రేవు ముందే తేల్చుకుంటే తర్వాత ఒక్క పాత వంతెన దగ్గర బండి ఆగిపోతుంది.

కొత్త వంతెనలకు ఐఆర్‌సీ 6లో (వంతెనలు మోయాల్సిన భారాల నియమావళి) 385 టన్నుల ప్రత్యేక వాహనం లెక్క ఉంది. దాని షరతులే మనకు నియమాలు: గంటకు 5 కి.మీ., వంతెన మధ్యరేఖకు 30 సెం.మీ. లోపు, వంతెన మీద ఇంకో వాహనం ఉండకూడదు, బ్రేకు కొట్టకూడదు. వంతెన మీద ఆగి గేరు మార్చే పుల్లర్ (ట్రెయిలర్‌ను లాగే బండి) డ్రైవరును ముందే హెచ్చరించాలి.

విద్యుదీకరణ అయిన రైల్వే గేటు దగ్గర హైట్ గేజి ఐదు మీటర్ల కంటే కిందే ఉంటుంది. పైన 25 కేవీ తీగ. రైల్వే వాళ్లు లైను ఆపి పక్కనుంటే తప్ప దాటకూడదు. ఊళ్లలో 11 కేవీ, ఎల్‌టీ తీగలకు డిస్కమ్ లైన్‌మన్ ముందు బండిలో ఉండాలి. వెదురు గెడతో తీగలెత్తే పద్ధతి మానేయండి, ప్రాణాలు పోతాయి.

ఫ్రైట్_డెస్క్

ఖర్చు వైపు నుంచి చిన్న మాట. బ్రేక్‌బల్క్ కిరాయి టన్నుకో ఘనపు మీటరుకో, ఏది ఎక్కువైతే దానికి. మీది 9.2 × 3.8 × 4.6, అంటే 160.8 ఘనపు మీటర్లు. కిరాయి 145కు కాదు, 160.8కి. ఫ్యాక్టరీ ఒక రవాణా బ్రాకెట్టు చెరో పక్క 10 సెం.మీ. బయటికి పెడితే 169.3 అవుతుంది. విప్పి విడిగా పెట్టెలో పంపగలిగినవి విప్పించండి. చివరి కొలతల డ్రాయింగు రాకుండా బుకింగ్ ఖాయం చేయొద్దు.

ఎఫ్‌ఐఓఎస్ అని ఉంటే ఎక్కించడం, దించడం, సర్దడం ఖర్చు మీది. అందులో లాషింగ్ మాట లేదు, ఒప్పందంలో విడిగా రాయించాలి. ప్రాజెక్టు ఇంపోర్టు, అంటే కస్టమ్స్ 9801 శీర్షిక కింద సుంకం రాయితీ కావాలంటే కాంట్రాక్టు నమోదు ముందే జరగాలి. బిల్ ఆఫ్ ఎంట్రీ (కస్టమ్స్‌కు ఇచ్చే దిగుమతి పత్రం) ఓడ వచ్చే ముందు రోజు ముగిసేలోపు దాఖలు కావాలి. హుక్కు కిందికి ట్రెయిలర్ వచ్చేనాటికి కాగితం లేకపోతే 145 టన్నులను బెర్త్ మీద దించి మళ్లీ ఎత్తాలి. ఆ రెండో ఎత్తుడుకు క్రేను ఎక్కడిది?

కార్గో_సర్వేయర్

చివరగా నత్రజని. ప్రతి చేతి మార్పు దగ్గర, ఓడ ఎక్కేముందు, దిగాక, ట్రెయిలర్ మీద, సైటులో, ప్రెషరూ ఉష్ణోగ్రతా రెండూ రాయాలి. పగలు 35 డిగ్రీల దగ్గర 0.25 బార్ ఉన్న గేజి, రాత్రి 22 డిగ్రీలకు చేరితే ఏ లీకూ లేకుండానే 0.20కి దిగుతుంది. ఉష్ణోగ్రత రాయకపోతే లీకని అనవసరంగా కంగారు, లేదా నిజమైన లీకును చలి అని వదిలేయడం. సున్నాకు చేరిందంటే మాత్రం తేమ లోపలికి వెళ్లిందనే అనుమానించి డ్యూ పాయింట్ (లోపలి తేమను చూపే కొలత) కొలవాలి.

ఇంపాక్ట్ రికార్డర్ బ్యాటరీ మొత్తం ప్రయాణానికి సరిపోతుందో ఫ్యాక్టరీలోనే లెక్క వేయించండి. దాని గడియారాన్ని అక్కడే సరిచేయించండి. తాకిడి ఎప్పుడు జరిగిందో తెలిస్తేనే అది ఓడలోనా, క్రేను మీదా, రోడ్డు మీదా అన్నది తేలి, క్లెయిము ఎవరి మీద వేయాలో తెలుస్తుంది.

యాక్సిల్_లైన్

సైటులో పునాది మీదికి జరిపేటప్పుడు ఖలాసీలకు ఒక్క నియమం: ఒకసారి ఒక చివరే జాకీ మీద లేవాలి, రెండో చివర దిమ్మల మీద కూర్చునే ఉండాలి. జాకీ లేచేకొద్దీ కింద ప్యాకింగ్ దూరుస్తూ పోవాలి, ఖాళీ 25 మి.మీ. దాటకూడదు. పాయింటుకు వచ్చేది 36 టన్నులే అయినా 100 టన్నుల జాకీలే పెట్టండి, లాక్ నట్ ఉన్నవి. జాకీ పెట్టేది బాడీ మీద గుర్తు వేసిన జాకింగ్ ప్యాడ్ కిందే, బేస్ అంచు కింద కాదు.

సబ్‌స్టేషన్_ప్లానర్

అందరికీ ధన్యవాదాలు. లగ్గుల బలం, బేస్ స్టిఫెనర్లు, గురుత్వ కేంద్రం, ఈ మూడు డ్రాయింగులూ ఫ్యాక్టరీ నుంచి తెప్పిస్తాను. ట్రెయిలర్ కొటేషన్లు పద్నాలుగు వరుసలు, డ్రాప్ డెక్, నాలుగు పాయింట్లు అని మళ్లీ అడుగుతాను. గౌతమి, వశిష్ఠ వంతెనల డిజైన్ లోడింగు వివరాలు వచ్చాక ఇక్కడే పెడతాను.